సుగ్గికి పడిన బీటు

మా ఇద్దరికీ కలిపి ఒకటే ఇయర్‌ఫోన్. కుడిచెవిది నాది, ఎడమచెవిది ఆమెది. సాయంత్రం ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కి కూర్చున్నామంటే ఒక చెవిలో ర్యాప్, ఇంకో చెవిలో బస్సు. కాసేపటికి రెండూ కలిసిపోయి ఏది పాటో ఏది ఇంజనో తెలిసేది కాదు. పత్తి లారీలు తిరిగే దారి కాబట్టి రోడ్డు పక్క కంపచెట్లకు తెల్లగా దూది పట్టుకుని ఉండేది. పొద్దు వాలే వేళకు ఆ దూది ఎర్రబడేది, ఆ తర్వాత మెల్లగా బూడిదరంగుకు తిరిగేది. నేను కిటికీకి తల ఆనించి కళ్ళు సగం మూసుకునేదాన్ని. ఆ ఎరుపులో, ఆ ఊగులో, మెలకువగా ఉన్నానో నిద్రపోయానో నాకే తెలియని స్థితి ఒకటి వచ్చేది. రోజు మొత్తంలో నేను హాయిగా ఉండే గంట ఏదంటే ఆ బస్సు గంటే.

హాయి అన్నానని నోరు మూసుకుని కూర్చునేవాళ్ళమనుకోకండి. ఆ గంటా కొట్లాడుకునేవాళ్ళం.

నేను ఆదోనిలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేస్తాను. పెళ్ళిపత్రికలు, గృహప్రవేశం కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఎవరైనా పోతే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. పొద్దస్తమానం నా చేతికింద అక్షరాలే. ఏ మాట పక్కన ఏ మాట పెడితే మోగుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా గర్వం. మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. ఆమె మా సెంటర్ పక్కనున్న ఫ్యాన్సీ షాపులో పనిచేసేది. వాళ్ళ ఊరు నందవరం దాటాక వస్తుంది. ఎమ్మిగనూరులో బస్సు దిగి మళ్ళీ ఆటో పట్టుకోవాలి. గాజులు సర్దుకుంటూ, నేను కంప్యూటర్లో పెట్టే పాటలు గోడ అవతలి నుంచి వినేదట. ఒకరోజు మా మెట్ల దగ్గరికి వచ్చి, ఇంత మంచి గొంతు పెట్టుకుని ఈయప్ప ఇట్లాంటివి పాడతాడేమి అని నన్ను నిలదీసింది, ఆ పాట నేనే రాసినట్టు. మా స్నేహం అట్లా మొదలైంది.

ఆయప్ప మా సీమ ర్యాపరే. పేరు చెప్పను. పాట నిండా కొడవళ్ళు, బాంబులు, మీసాలు, తొడ కొట్టడాలు. పాట ముగిసేలోపు ఎవడో ఒకడి తల తెగాల్సిందే. కానీ ఆ నోరేం నోరండీ! ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో కనిపెట్టలేం. ఒక మాటకు రెండు అర్థాలు పెట్టి, మొదటిది మనకు అందేలోపు రెండోది విసిరి వెళ్ళిపోయేవాడు. నేను చెవి కోసుకునేదాన్ని. వాడు ఏం చెప్పాడన్నది నాకు అక్కర్లేదు, ఎట్లా చెప్పాడన్నదే కావాలి అని వాదించేదాన్ని. కత్తి గురించి చెప్పాడా, కంది పప్పు గురించి చెప్పాడా అని చూసేవాళ్ళకు పాట చెవికెక్కదని, వాళ్ళు పాట వినకుండా వార్తలు వినడం మేలని ఎగతాళి చేసేదాన్ని.

ఆమె తొందరగా కోప్పడే మనిషి కాదు. నాకే ముక్కు మీద కోపం. ఆమె నెమ్మదిగా, బస్సు గుంతల్లో పడి లేచినప్పుడల్లా ఆగి, మళ్ళీ అందుకుని చెప్పేది. అంత పట్టున్న నోరు దొరికినవాడు ఊరికే పోకూడదని, వాడికో బాధ్యత ఉంటుందని ఆమె వాదం. వాళ్ళ ఊరి కుర్రవాళ్ళు ఆ పాటకు కొడవలి పట్టుకుని రీల్స్ చేస్తున్నారని, ఆ కొడవలి మొన్నటిదాకా జొన్న కోసిన కొడవలేనని చెప్పేది.

"మా ఊర్లో బాంబు సూసినోళ్ళు ఎవురూ లేరుమే," అంది ఒకసారి. "కుళాయికాడ ఖాళీ బిందెలు సూసినోళ్ళే అందురూ. ఆ బిందెల మీద ఒక్క పాటన్నా కట్టినాడా ఆయప్ప?"

బిందెల మీద కడితే అది పాట కాదు, బడిగోడ మీద రాసే నినాదం అవుతుందన్నాను. చెట్లు నాటండి, నీటిని పొదుపు చేయండి అని రాసి ఉంటుంది చూడు, దాన్ని ఎవరైనా స్నానం చేస్తూ పాడుకుంటారా అని అడిగాను. ఆమె నా చెవిలోంచి ఇయర్‌ఫోన్ పీకేసింది. నేను ఆమె చెవిలోది పీకేశాను. ముందు సీట్లోని పెద్దాయన వెనక్కి తిరిగి, అంత మంచి పిల్లోడు ఎవుడమ్మా, ఇద్దురూ వానికోసరం కొట్లాడుకుంటాండారు అని అడిగాడు. ఎమ్మిగనూరు వచ్చేదాకా మాకు నవ్వు ఆగలేదు.

సరే, నువ్వు రాసి చూపించు అన్నాను దిగేటప్పుడు. మాటా మోగాలి, నువ్వనే బాధ్యతా ఉండాలి. రెండూ ఉంటే నా చెవులు నీకు రాసిస్తానన్నాను. నేను సరదాకి అన్నాను. ఆమె సరదాకి తీసుకోలేదు.

ఎందుకు తీసుకోలేదో తర్వాత తెలిసింది. ఆమె తల్లి ఏటా సుగ్గికి పోతుంది. మా పడమటి పల్లెల్లో వానలు ముఖం చాటేస్తే ఇళ్ళకు బీగాలు వేసి, బిందెలు, బొంతలు కట్టుకుని, కూలికి దూరదేశం పోవడాన్ని సుగ్గికి పోవడమంటారు. ఎక్కువమంది గుంటూరు దిక్కు మిరపకోతలకు పోతారు. తండ్రి లేని ఇల్లు. ఉన్న కాస్త నేలలో ఆ ఏడు వేసిన పత్తి మోకాలెత్తు కూడా లేవలేదు. పోయినేడు సుగ్గి నుంచి వచ్చినప్పటి నుంచీ తల్లికి దగ్గు పట్టుకుంది. మిరప ఘాటు గుండెలోకి దిగిందని వాళ్ళే చెప్పుకున్నారు. డాక్టరు ఇచ్చిన మందు వాడినన్నాళ్ళు తగ్గేది, ఆపగానే మళ్ళీ మొదలయ్యేది. ఈయేడు కూడా పోతే మనిషి దక్కదేమోనని ఆమె భయం. తన జీతంతో తల్లీకూతుళ్ళిద్దరూ ఎట్లాగో గడుపుకోవచ్చని ఆమె లెక్క.

ఆ మాట అమ్మతో అనొచ్చు కదా అన్నాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. వాళ్ళింట్లో సుగ్గికి పోయేవాళ్ళను పోవద్దు అనకూడదట. ఆ మాట నోట వస్తే దారిలో కీడు జరుగుతుందని అవ్వల కాలం నుంచీ పట్టింపు. పోయిరా అనాలి, లేదంటే ఊరుకోవాలి. చిన్నప్పుడు ఆమె తల్లి కొంగు పట్టుకుని పోవద్దని ఏడిస్తే అవ్వ వీపు మీద ఒకటి వేసిందట. ఆ దెబ్బ ఆమెకు ఇంకా గుర్తే. అందుకే పాటలో పెడతానంది. పాట అయితే తప్పు పట్టరు, అమ్మ వింటుంది, ఆగిపోతుంది. ఆమె ఆశంతా అదే.

కొన్నాళ్ళు ఆమె బస్సులో పాట కట్టుకుంటూ కూర్చునేది. పెదాలు కదిలేవి, వేళ్ళు ముందు సీటు ఇనుపకడ్డీ మీద దరువు వేసేవి. నేను కిటికీ బయట దూదిని చూస్తూ, ఆ వేళ్ళ చప్పుడు వింటూ జోగేదాన్ని. ఆ మగతలోనే ఒక సాయంత్రం నా చెవి దగ్గర ఆమె గొంతు వినబడింది. ఫోన్లోంచి వస్తోందనుకున్నాను. కాదు, ఆమే నా పక్కకు వంగి చెబుతోంది.

"సుగ్గి సుగ్గి అంటారే, సిగ్గెవురికి అంటారే?
తగ్గి తగ్గి నడుమొంచి మాయమ్మ మిరప కోస్తాంటే
దగ్గి దగ్గి తెల్లారె, మగ్గి మగ్గి పొద్దుగూకె,
నెగ్గినోళ్ళు యాడ పోయిరి బుగ్గి మాకు ఇడిసిపెట్టి?"

ప్రాస అంటే రెండో అక్షరం అని బడిలో చదువుకున్నాం, పరీక్షలో రాశాం, మరిచిపోయాం. ఆ ‘గ్గ’ అనే అక్షరం మా పల్లెల నోళ్ళలో ఇన్ని మాటల్లో కూర్చుని ఉందని నాకే తట్టలేదు, అక్షరాలతో బతికేదాన్ని. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. ఎమ్మిగనూరు బస్టాండులో దిగి ఆటోల మధ్య నిలబడి ఇంకోసారి చెప్పించుకున్నాను. ఓడిపోయానని అక్కడే ఒప్పుకున్నాను, ఓడిపోయినందుకు సంతోషపడ్డాను.

ఒక్క చోట మాత్రం పేచీ పెట్టాను. ఆ నాలుగు పాదాల తర్వాత ఆమె ఇంకొక పాదం పెట్టింది: ఈయేడు ఇంటికాడ ఉండమ్మా. దానికి ప్రాసా లేదు, ఊపూ లేదు. తలుపు దగ్గర నిలబడి పిలిచినట్టు ఉంది. ఇది తీసెయ్, పాట కింద పడుతోంది అన్నాను. ఆమె వినలేదు. పాటంతా దీనికోసమే రాశానంది. రాసినవాళ్ళ ఇష్టం అని ఊరుకున్నాను.

సాయంత్రం కస్టమర్లు పలచబడ్డాక మా సెంటర్ వెనక గదిలో, ఫ్లెక్సీ చుట్టల మధ్య కూర్చోబెట్టి నా ఫోన్లో రికార్డు చేశాను. ఆ చుట్టల మధ్య బయటి హారన్లు వినిపించవు. ఆమె కళ్ళు మూసుకుని పాడింది. ఆ చివరి పాదం దగ్గర గొంతు సన్నబడింది.

బీటు కోసం ఒక డీజే కుర్రాడికి పంపాం. వాడిది సిరుగుప్ప, మా ఆదోని అవతల కన్నడం సీమ. పెళ్ళి ఊరేగింపులకు డీజే పెడతాడు, బ్యానర్లు మా దగ్గరే వేయించుకుంటాడు. తెలుగు బాగానే అర్థమవుతుంది, కానీ ఇంట్లో కన్నడమే. మంచి పిల్లవాడు, అక్కా అక్కా అని తిరుగుతాడు. పాట పంపి, మంచి బీటు వెయ్యి తమ్ముడూ అన్నాను. అంతకుమించి చెప్పాల్సిన అవసరం ఉందని మా ఇద్దరికీ తోచలేదు. సుగ్గి అంటే ఏమిటో ఒకరికి చెప్పాల్సి వస్తుందని ఎవరు అనుకుంటారు?

పాట వచ్చిన రోజు బస్సులో చెరొక చెవిలో పెట్టుకుని నొక్కాం. డప్పులు, ఈలలు, పెళ్ళి బ్యాండు. ‘సుగ్గి సుగ్గి’ దగ్గర జనం అరిచిన అరుపులు ఎక్కడినుంచో తెచ్చి అతికించాడు. ‘దగ్గి దగ్గి’ని పట్టుకుని దగ్గి దగ్గి దగ్గి దగ్గి అని తిప్పి తిప్పి వాయించాడు. బీటు మాత్రం, అబద్ధం ఎందుకు, అదిరిపోయింది. నా కాలు దానంతటదే కదులుతోంది. ఆమె ముఖం చూసి కాలు ఆపుకున్నాను. చివరి పాదం లేనే లేదు.

ఫోన్ చేసి దులిపేశాను. వాడు బిత్తరపోయాడు.

"సుగ్గి అంటే హబ్బ అల్వా అక్కా, పండగ. మా ఊర్ల పంట ఇంటికొస్తే సుగ్గి సుగ్గి అని ఎగురుతాం గదా. అందుకే జోరుగా కొట్టినాను. ఆ లాస్ట్ లైను బీటుకు కూసోలేదు, తీసేసినాను."

వాడి ఊరికి తుంగభద్ర కాలువ ఉంది, వరి ఉంది. వాళ్ళకు సుగ్గి అంటే ధాన్యం ఇంటికి రావడం. మాకు సుగ్గి అంటే మనుషులు ఇల్లు వదిలిపోవడం. మావాళ్ళు పోయేదీ పంట కోతకే అయినా ఆ పంట మాది కాదు కదా. వాడి తప్పేముంది? తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని ఫోన్ పెట్టేశాను.

అప్పటికే వాడు ఆదోనిలో ఒక పెళ్ళి ఊరేగింపులో ఆ పాట వేసేశాడు. ఎవరో వీడియో తీశారు. గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, దగ్గుతున్నట్టు ఒక స్టెప్పు పుట్టింది. కొద్దిరోజుల్లో ఎమ్మిగనూరు, ఆలూరు, కోసిగి, ఎక్కడ చూసినా అదే స్టెప్పు. బస్సులో పిల్లలు వేస్తున్నారు, మా సెంటర్ ముందు ఆటో అన్నలు వేస్తున్నారు.

ఇక మా కొట్లాట తలకిందులైంది. చూడు, నువ్వు రాసిన మాట ఇంతమంది నోళ్ళలో ఉంది, ఆ కొడవలి పాటను నీ పాట తొక్కేసింది, ఇంకేం కావాలి అని నేను. నోట్లోనే ఉంది, లోపలికి ఎవరికి పోయింది అని ఆమె. మంచి మాట ఎట్లా పోయినా ఎప్పుడో ఒకప్పుడు లోపలికి దిగుతుందని నేను గట్టిగా వాదించాను. అది నిజమని నమ్మాను కూడా. కానీ ఆమెకు ఎప్పుడో ఒకప్పుడు పనికిరాదు. కోతలు దగ్గరపడుతున్నాయి.

ఒకరోజు ఆమె వచ్చి కూర్చుని, మాయమ్మ పాట ఇన్నది అని చెప్పింది. ఊరి ఆడవాళ్ళ ఫోన్లలో చేరిందట. కూతురు రాసిందని తెలిసి తల్లి పొంగిపోయి, వీధిలో అందరికీ చెప్పుకుని, ఇంటి ముందు ఆ స్టెప్పు వేసి చూపించిందట. తండ్రి పోయాక అమ్మ అంత పగలబడి నవ్వడం ఇదే మొదలట. మన దగ్గరున్న అసలు రికార్డు వినిపించకపోయావా అన్నాను. ఆ నవ్వు మీద నీళ్ళు పొయ్యలేకపోయానంది. ఆ సాయంత్రం ఇయర్‌ఫోన్ బ్యాగులోనే ఉండిపోయింది, ఇద్దరం దూదిని చూస్తూ వచ్చాం.

వాళ్ళమ్మావాళ్ళు సుగ్గికి బయలుదేరేది ఆదివారం కావడంతో ముందురోజే నేనూ ఆమెతో వాళ్ళ ఊరు పోయాను. తెల్లవారేసరికి మంచు పడుతోంది. నల్లరేగడి చేల మీద ఆ మంచు తేలుతూ ఉంటే ఊరు నేల మీద ఉన్నట్టే లేదు. అందులోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే మూటలతో వచ్చారు. సిమెంటు రోడ్డు చివర ఐచర్ బండి ఆగి ఉంది. బిందెలు, బొంతలు, పొయ్యికట్టెలు ఎక్కించారు. పనికి పిలుచుకుపోయే మేస్త్రి తొందర పెడుతున్నాడు. డ్రైవర్ పాట పెట్టాడు. మా పాటే.

చలికి ముడుచుకుని ఉన్నవాళ్ళు ఒక్కసారిగా కదిలారు. బండి మీద నిలబడ్డవాళ్ళు చప్పట్లు, కింద ఉన్నవాళ్ళు స్టెప్పులు. ఆమె తల్లి అప్పటికే పైకెక్కి ఉంది. సన్నటి మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుంది. అందరూ కూతురు రాసిన పాట అని ముందుకు తోస్తే, నవ్వుతూ, గుప్పిట నోటికి పెట్టుకుని, దగ్గి దగ్గి దగ్గి అని భుజాలు ఎగరేసింది. జనం ఈలలు వేశారు. అంతలో అసలు దగ్గు వచ్చింది. ఆమె వంగిపోయి దగ్గుతోంది, పాటలో దగ్గు తిరుగుతోంది, చుట్టూ చప్పట్లు ఇంకా జోరందుకున్నాయి. ఆడుతోందనే అనుకున్నారు అందరూ. నాకు కూడా ఒక క్షణం పట్టింది.

నా పక్కన ఉండాల్సిన మనిషి లేదు. బండి దగ్గరికి పోయి, తల్లి పట్టుకున్న ఇనుపకడ్డీ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"పోవద్దుమ్మా," అంది.

గట్టిగా అనలేదు. అయినా ఆ ఊరి ఆడవాళ్ళకు ఆ మాట ఎంత సన్నగా అన్నా వినబడుతుంది. చప్పట్లు ఆగిపోయాయి. డ్రైవర్ పాట ఆపాడు. ఒక అవ్వ, ఏం మాటే అది బండెక్కినాంక అని కసిరింది. తల్లి మాత్రం కసరలేదు. దగ్గు సర్దుకుని, కళ్ళు తుడుచుకుని, కూతురి ముఖంలోకి అట్లాగే చూసింది. కొంచెంసేపటికి ఆమెకు అర్థమైంది. అర్థం కావడం ఆ ముఖంలో నేను చూశాను.

"పాట దీనికోసరం రాసినావా?" అంది. "సుగ్గికి పోయే అమ్మలందరి పాట అనుకుంటి పాపా. నన్నే అడుగుతాండావని నాకేం తెల్సు? నోటితో ఒక్కమాట అడిగేది గదా, మేస్త్రికి నేను మాటియ్యకముందు."

మేస్త్రి తలుపు వేశాడు. తల్లి కడ్డీ మీదున్న కూతురి చేతిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది. బండి మంచులోకి పోయింది, చప్పుడు కూడా పోయింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆమె ఏడవలేదు. ఖాళీ రోడ్డు మీద నిలబడి, పోవద్దుమ్మా, పోవద్దుమ్మా అని తనలో తానే అనుకుంటూ ఉంది, బీటు లేకుండా.